రుణ వితరణలో డిజిటల్ సాంకేతికత – ఖాతాదారుని సమ్మతికే ప్రాధాన్యం

(ప్రత్యేక వ్యాసం)

యాదగిరిగుట్ట: శ్రీ లక్ష్మీనరసింహస్వామి వారి దర్శనార్థం నిత్యం భక్తులు తరలివచ్చే యాదగిరిగుట్టలో కొబ్బరికాయలు, పూలు విక్రయించే చిరు వ్యాపారులు మొదలుకొని ఆటో డ్రైవర్ల వరకు క్యూఆర్ కోడ్ ద్వారా సొమ్ము స్వీకరించుట నేడు సర్వసాధారణమైనది. 2025 ఆగస్టు మాసంలో దేశవ్యాప్తంగా యూపీఐ లావాదేవీల సంఖ్య తొలిసారిగా 2,000 కోట్లు దాటినది. చెల్లింపులలో వచ్చిన ఈ మార్పు అందరి కంటికీ కనిపిస్తున్నది. దానిని అనుసరించి బ్యాంకుల రుణ వితరణ విధానంలో చోటు చేసుకుంటున్న మరొక మార్పు మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. స్థిరాస్తి పత్రాలు గానీ, జామీను ఇచ్చే పెద్దమనిషి గానీ లేని వ్యక్తికి అతని రోజువారీ రాబడి, ఖర్చుల లెక్కనే ఆధారంగా తీసుకొని అప్పు ఇచ్చుటకు వీలు కల్పించడం ఈ మార్పులోని ప్రధానాంశం.

ఈ విధానం సక్రమంగా అమలైన పక్షంలో వడ్డీ వ్యాపారిపై ఆధారపడే కుటుంబాలకు గొప్ప ఊరట లభిస్తుంది. అదుపు తప్పిన పక్షంలో ఏమి జరుగునో 2010లోను, తిరిగి 2020లోను మన రాష్ట్ర ప్రజలు చవిచూసి ఉన్నారు. కావున ఈ విధానం పనిచేయు తీరు, ఖాతాదారులకు గల హక్కులు, క్షేత్రస్థాయిలో గమనించవలసిన అంశాలను పాత్రికేయులు, అధికారుల సమాచార నిమిత్తం ఈ వ్యాసంలో వివరించడమైనది.

చిన్న రుణం – పెద్ద శ్రమ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతాలలో వ్యవసాయం ప్రధానంగా వర్షంపైన, బోరుబావులపైన ఆధారపడి సాగుతూ వచ్చినది. వాన కురిసిన వెంటనే విత్తనానికి, ఎరువుకు సొమ్ము కావలెను. బ్యాంకు రుణం మంజూరయ్యే సరికి అదను దాటిపోయేది. అందుచేత ఊరిలోని షావుకారు వద్దనో, ఎరువుల దుకాణంలోనో అధిక వడ్డీకి అప్పు చేయుట ఆనవాయితీగా మారినది. పాలమూరు నుండి వలస వెళ్లిన కూలీలు మేస్త్రీల వద్ద ముందస్తుగా తీసుకున్న అడ్వాన్సు తీరే వరకు పని విడిచి రాలేని దుస్థితి దశాబ్దాల పాటు కొనసాగిన విషయం విదితమే.

బ్యాంకులు చిన్న రుణాల విషయంలో వెనుకాడుటకు కేవలం నిర్లక్ష్యమే కారణం కాదు. రూ. 20 వేల రుణానికైనా, రూ. 20 లక్షల రుణానికైనా దరఖాస్తు పరిశీలన, క్షేత్ర సందర్శన, పత్రాల తనిఖీకి పట్టే శ్రమ దాదాపు సమానమే. చిన్న రుణంపై వచ్చే వడ్డీ ఆ ఖర్చుకే సరిపోదు. దరఖాస్తుదారుడు సైతం పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ నకలు, ఇతర బ్యాంకుల నుండి బకాయి లేదను ధ్రువపత్రాల కొరకు కూలి పనులు మానుకొని పలుమార్లు తిరగవలసి వచ్చేది. అనగా రుణానికి అడ్డంకి సొమ్ము లేకపోవుట కాదు, రుణగ్రహీతను గురించిన నమ్మదగిన సమాచారం తక్కువ ఖర్చుతో బ్యాంకుకు చేరకపోవుటే. డిజిటల్ సాంకేతికత పరిష్కరించదలచినది సరిగ్గా ఈ సమస్యనే.

హైదరాబాదులో పడిన పునాది

దేశ బ్యాంకింగ్ సాంకేతికతకు హైదరాబాదు నగరం ముఖ్య కేంద్రాలలో ఒకటి. రిజర్వు బ్యాంకు 1996లో ఇచట నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతికాభివృద్ధి పరిశోధన సంస్థ, ఐడీఆర్‌బీటీ, 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించినది. ఒక బ్యాంకు కార్డుతో మరొక బ్యాంకు ఏటీఎంలో సొమ్ము తీసుకొనుటకు ఈ వ్యవస్థ తోడ్పడినది. 2009లో దీని నిర్వహణ బాధ్యత జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి బదిలీ అయినది. అదే ఎన్‌పీసీఐ 2016లో యూపీఐని ప్రవేశపెట్టినది.

బయోమెట్రిక్ చెల్లింపుల విషయంలోనూ ఈ ప్రాంతానికి ముందస్తు అనుభవం కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ వేతనాలు, సామాజిక పింఛన్లను స్మార్ట్ కార్డుల ద్వారా వేలిముద్ర సరిచూసి గ్రామంలోనే చెల్లించే పథకం అమలైనది. 2010–2012 మధ్య కాలంలో నల్లగొండ సహా 8 జిల్లాలలోని 157 మండలాలలో, 1.9 కోట్ల జనాభా పరిధిలో ఈ పథకంపై కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్‌లు జరిపిన అధ్యయనం 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురితమైనది. పథకం పూర్తిస్థాయిలో అమలు కాకపోయినప్పటికీ ఉపాధి వేతనాలు మునుపటి కన్నా త్వరగా, కచ్చితమైన సమయానికి, తక్కువ అవినీతితో కూలీలకు చేరినట్లు అందులో వెల్లడైనది. 2014 ఆగస్టు 28న ప్రారంభమైన జన్‌ధన్ యోజనతో ఖాతాలు లేని కుటుంబాలకు సైతం బ్యాంకు ఖాతాలు సమకూరినవి. ఖాతా, ఆధార్, మొబైల్ ఫోను ఒకదానికొకటి అనుసంధానమైన తరువాతనే ప్రస్తుత దశకు మార్గం సుగమమైనది.

ఓపెన్ బ్యాంకింగ్ అనగా నేమి?

ఖాతాదారుని లావాదేవీల వివరాలు బ్యాంకు వద్ద ఉన్నప్పటికీ అవి ఖాతాదారునికి చెందినవేనన్నది ఓపెన్ బ్యాంకింగ్‌లోని మూల సూత్రం. ఖాతాదారుడు కోరినచో ఆ వివరాలను మరొక బ్యాంకుకు లేదా ఆర్థిక సంస్థకు సురక్షితమైన పద్ధతిలో అందజేయవలసిన బాధ్యత బ్యాంకుపై ఉంటుంది. బ్రిటన్‌లో 2018 జనవరి నుండి 9 పెద్ద బ్యాంకులకు ఈ నిబంధన వర్తింపజేశారు. యూరోపియన్ యూనియన్‌లో సైతం చెల్లింపుల సేవలపై రూపొందించిన రెండవ ఆదేశం అదే మాసం నుండి అమలులోకి వచ్చినది.

మన దేశంలో దీనికి అకౌంట్ అగ్రిగేటర్ విధానమని పేరు. రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరు 2న ఇందుకు సంబంధించిన నిబంధనలను జారీ చేసినది. సరిగ్గా ఐదేళ్ల తరువాత 2021 సెప్టెంబరు 2న ఈ విధానం లాంఛనంగా ప్రారంభమైనది. బ్యాంకు ఖాతాలతో పాటు బీమా, పింఛను, మ్యూచువల్ ఫండ్లు, షేర్ల వివరాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. 2022 నవంబరులో జీఎస్టీ నెట్‌వర్క్‌ను సైతం సమాచారం అందించే సంస్థగా చేర్చారు. 2025 సెప్టెంబరు నాటికి 220 కోట్లకు పైగా ఆర్థిక ఖాతాలు ఈ విధానానికి అందుబాటులోకి రాగా, 11 కోట్లకు పైగా వినియోగదారులు తమ ఖాతాలను అనుసంధానించుకున్నట్లు కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ తెలియజేసినది.

ఈ విధానంలో మూడు పక్షాలుంటాయి. ఒకటి, ఖాతాదారుని సమాచారం గల సంస్థ. రెండు, ఆ సమాచారం కోరే సంస్థ. మూడు, ఈ రెండింటి నడుమ సమ్మతిని నిర్వహించే అకౌంట్ అగ్రిగేటర్. ఈ మూడవ పక్షం రిజర్వు బ్యాంకు లైసెన్సు పొందిన సంస్థ అయి ఉండవలెను. సమాచారం సంకేత రూపంలో దాని గుండా ప్రయాణించునే తప్ప, దానిని చదువుటకు గానీ, నిల్వ చేయుటకు గానీ, విక్రయించుటకు గానీ అగ్రిగేటర్‌కు అధికారం లేదు. తపాలా శాఖ సీలు వేసిన కవరును చేరవేయునే గాని లోపలి ఉత్తరం చదవదు. ఈ విధానమూ అటువంటిదే.

సమ్మతి పత్రంలో ఏ సమాచారం, ఎవరికి, ఏ అవసరం నిమిత్తం, ఎంత కాలానికి ఇవ్వబడుచున్నదో స్పష్టంగా ఉండవలెను. ఇచ్చిన సమ్మతిని ఖాతాదారుడు ఎప్పుడైనా ఉపసంహరించుకొనవచ్చును. ఈ విధానంలో చేరుట పూర్తిగా ఐచ్ఛికం. బ్యాంకు ఖాతా పాస్‌వర్డును గానీ, ఓటీపీని గానీ రుణదాతకు చెప్పవలసిన అవసరం ఇందులో లేదు. ఎవరైనా అట్లు అడిగినచో అది మోసమని గ్రహించవలెను.

వీధి వ్యాపారి, చేనేత కార్మికునికి ప్రయోజనం

పట్టణ వీధి వ్యాపారులకు 2020 జూన్ 1న ప్రారంభమైన పీఎం స్వనిధి పథకం కింద తొలి విడతగా రూ. 10 వేలు, సకాలంలో తీర్చినవారికి రూ. 20 వేలు, ఆపై రూ. 50 వేల రుణం హామీ లేకుండా లభించేది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం తొలి విడతను రూ. 15 వేలకు, రెండవ విడతను రూ. 25 వేలకు పెంచి, పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగించినది. డిజిటల్ చెల్లింపులు స్వీకరించే వ్యాపారులకు ప్రోత్సాహకం కూడా ఇందులో కలదు. యాదగిరిగుట్ట వంటి పురపాలక పట్టణంలో క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చిన రాబడి వ్యాపారి ఖాతాలో నమోదవుతున్నది. బ్రహ్మోత్సవాలు, కార్తీక మాసం, శని, ఆదివారాలలో విక్రయాలు ఎంత, మిగిలిన రోజులలో ఎంత అన్నది ఆ నమోదును బట్టి తెలుస్తుంది. వాయిదా మొత్తాన్ని ఆ హెచ్చుతగ్గులకు అనుగుణంగా నిర్ణయించుటకు బ్యాంకుకు ఆధారం లభిస్తుంది.

2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ వస్త్రాల తయారీదారుల విషయంలోనూ ఇది వర్తిస్తుంది. నూలు, పట్టు కొనుగోలుకు పెట్టుబడి లేని నేత కార్మికుడు ఆసామి వద్ద అడ్వాన్సు తీసుకొని, అతడు నిర్ణయించిన కూలికే నేయుట పరిపాటి. కొనుగోలుదారుల నుండి సొమ్ము నేరుగా తన ఖాతాకు వచ్చే కార్మికుడు, ఆ ఖాతా వివరాలను తన సమ్మతితో బ్యాంకుకు పంపి నిర్వహణ పెట్టుబడికి రుణం కోరవచ్చును. ఆస్తిని కాక రాబడిని చూసి ఇచ్చే రుణమిది. అయితే లావాదేవీలు నగదు రూపంలోనే సాగించువారికి ఈ వెసులుబాటు లభించదన్నది గమనార్హం.

పంట రుణాలు – భూ రికార్డుల పాత్ర

పంట రుణాలలో భూ రికార్డులే కీలకం. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభం కాగా, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్‌ను ప్రభుత్వం ప్రారంభించినది. కాగితపు నకళ్లకు బదులు రికార్డును నేరుగా సరిచూసుకొనుట వలన బ్యాంకుకు సమయం ఆదా కావడమే గాక, ఒకే భూమిపై రెండు చోట్ల రుణం పొందే మోసాలకు అడ్డుకట్ట పడుతుంది.

రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 17న ప్రయోగాత్మకంగా ప్రారంభించిన సాంకేతిక వేదికకు 2024లో యూనిఫైడ్ లెండింగ్ ఇంటర్‌ఫేస్, సంక్షిప్తంగా యూఎల్‌ఐ, అని నామకరణం చేశారు. చెల్లింపులకు యూపీఐ ఎట్టిదో రుణాలకు ఇది అట్టిదని చెప్పవచ్చును. భూ రికార్డులు, ఉపగ్రహ చిత్రాల ఆధారిత సమాచారం, పాల సేకరణ వివరాలు మొదలగునవి వేర్వేరు సంస్థల నుండి ఒకే మార్గం ద్వారా రుణదాతకు అందించుట దీని ఉద్దేశం. తొలి దశలో ఒక్కొక్కరికి రూ. 1.60 లక్షల వరకు కిసాన్ క్రెడిట్ కార్డు రుణాలను, పాడి రైతుల రుణాలను దీని పరిధిలోకి తెచ్చారు. నార్ముల్ వంటి సంఘాలకు పాలు పోసే రైతుల పాల లెక్కలు కూడా ఇదే తరహాలో రుణ అర్హతకు ఆధారం కాగలవు. కాగా, వ్యవసాయానికి హామీ లేకుండా ఇచ్చే రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి రూ. 1.60 లక్షల నుండి రూ. 2 లక్షలకు పెంచినది.

అదే తేదీ నుండి రాష్ట్రంలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో విలీనమైనవి. ఇటువంటి మార్పుల సందర్భంలో రైతులు తమ ఖాతా సంఖ్య, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, ఆధార్ అనుసంధానం సరిగా ఉన్నదీ లేనిదీ శాఖలో సరిచూసుకొనుట అవసరం.

మహిళా సంఘాలు – స్త్రీనిధి అనుభవం

స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమాన్ని నాబార్డు 1992లో ప్రయోగాత్మకంగా ప్రారంభించినది. తెలుగునాట ఈ కార్యక్రమం విస్తృతంగా వేళ్లూనుకున్నది. సంఘాల అత్యవసర రుణ అవసరాలు తీర్చుటకు 2011లో ఏర్పాటైన స్త్రీనిధి సహకార సమాఖ్య, రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో వేరుగా కొనసాగుతున్నది. గ్రామ సంఘం మొబైల్ ఫోను ద్వారా అర్జీ నమోదు చేసినచో 48 గంటలలోగా రుణం అందించుట లక్ష్యంగా ఈ సంస్థ పనిచేసినది. స్మార్ట్ ఫోను విరివిగా వాడుకలోకి రాకమునుపే, సాధారణ ఫోనుతోనే ఈ సదుపాయం సాధ్యమైన సంగతి ఇచట ప్రస్తావనార్హం. సాంకేతికత వేగాన్ని ఇవ్వగా, ఎవరికి ఎంత అవసరమో నిర్ణయించే పని సంఘ సభ్యుల సమావేశానికే ఉండుట దీని బలం.

రెండు చేదు అనుభవాలు

వేగంగా లభించే అప్పు ఎల్లప్పుడూ మేలు చేయదని ఈ రాష్ట్రం రెండు పర్యాయాలు తెలుసుకున్నది. 2010కి ముందు సూక్ష్మ రుణ సంస్థలు ఒకే కుటుంబానికి పోటీపడి అప్పులిచ్చి, వారం వారం వసూలు నిమిత్తం తీవ్ర ఒత్తిడి తెచ్చిన ఫలితంగా ఆత్మహత్యల ఆరోపణలు వచ్చినవి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరు 15న ఆర్డినెన్సు తెచ్చి, అనంతరం చట్టం చేసినది. సంస్థల నమోదు, అసలును మించి వడ్డీ వసూలు చేయరాదన్న నిబంధన, బహిరంగ ప్రదేశంలోనే వసూళ్లు జరపవలెనన్న ఆంక్ష ఇందులో ముఖ్యమైనవి. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు ఈ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. 2022 ఏప్రిల్ 1 నుండి రిజర్వు బ్యాంకు దేశమంతటికీ వర్తించే సూక్ష్మ రుణ నిబంధనలను అమలులోకి తెచ్చి ఉన్నది. వాటి ప్రకారం వార్షికాదాయం రూ. 3 లక్షల లోపు గల కుటుంబం అన్ని అప్పులకు కలిపి చెల్లించే నెలసరి వాయిదాలు ఆ కుటుంబ నెల ఆదాయంలో 50 శాతానికి మించరాదు.

రెండవది రుణ యాప్‌ల ఉదంతం. కరోనా కాలంలో ఉపాధి కోల్పోయినవారు మొబైల్ యాప్‌ల ద్వారా క్షణాలలో అప్పు పొందారు. ఆ యాప్‌లు ఫోనులోని పరిచయస్తుల నంబర్లు, ఫొటోలు ముందుగానే సంగ్రహించి, వాయిదా ఒక్క రోజు తప్పినా బంధుమిత్రులకు అవమానకర సందేశాలు, మార్పిడి చేసిన చిత్రాలు పంపినవి. 2020 చివరలో కొందరు బాధితులు ప్రాణాలు తీసుకొనుటతో హైదరాబాదు, సైబరాబాద్ పోలీసులు కేసులు నమోదు చేసి, వసూళ్ల కాల్ సెంటర్లపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. 2020 డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన జారీ చేసి, 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని నియమించినది. ఈ యాప్‌లు సైతం సమాచారం ఆధారంగానే అప్పులిచ్చినవి. సమాచారం తీసుకొనుటకు ముందు ఎరుకతో కూడిన సమ్మతి లేకపోవుటే ఇచట ప్రధాన లోపం.

రుణగ్రహీతకు గల రక్షణలు

డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు జారీ చేసి, 2025 మే 8న వాటిని సమగ్ర ఆదేశాలుగా క్రోడీకరించినది. వాటిలోని ముఖ్యాంశాలు ఇవి:

• రుణం సొమ్ము రుణగ్రహీత ఖాతాకు నేరుగా జమ కావలెను. వాయిదాలు నేరుగా రుణదాత ఖాతాకే చేరవలెను. మధ్యవర్తి ఖాతా గుండా సొమ్ము మళ్లరాదు.

• ఫోనులోని పరిచయస్తుల జాబితా, కాల్ వివరాలు, ఫొటోలు, ఫైళ్లను యాప్ తీసుకొనరాదు. కెమెరా, మైక్రోఫోను, లొకేషన్ వంటివి గుర్తింపు ధ్రువీకరణ వంటి అవసరాలకు మాత్రమే, స్పష్టమైన సమ్మతితో, ఒక్కసారి వినియోగించవచ్చును.

• రుణగ్రహీత కోరకుండా రుణ పరిమితి తనంతట తాను పెరగరాదు.

• రుణం తీసుకున్న తరువాత మనసు మార్చుకొనుటకు కనీసం ఒక రోజు గడువు ఇవ్వవలెను. ఆ గడువులో అసలు, ఆ కాలానికి దామాషా ఖర్చు చెల్లించి అపరాధ రుసుము లేకుండా వైదొలగవచ్చును.

• రుణదాతలు తాము వినియోగించే యాప్‌ల వివరాలను రిజర్వు బ్యాంకుకు తెలియజేయవలెను. ఆ జాబితాను 2025 జూలై 1 నుండి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో ప్రజలకు అందుబాటులో ఉంచినది.

వసూలు ప్రతినిధులు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత రుణగ్రహీతకు ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసినది. సూక్ష్మ రుణాల విషయంలో ఈ వేళలు ఉదయం 9 నుండి సాయంత్రం 6 గంటల వరకే పరిమితం. వ్యక్తిగత సమాచార పరిరక్షణకు 2023 ఆగస్టులో ప్రత్యేక చట్టం రాగా, దాని నియమావళిని 2025 నవంబరులో నోటిఫై చేసి దశలవారీగా అమలులోకి తెస్తున్నారు. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొనే అవకాశం కల్పించవలెనని ఈ చట్టం నిర్దేశిస్తున్నది. తెలుగు ఆ భాషలలో ఒకటి.

'నూటికి ఎంత' అన్న ప్రశ్నకు జవాబు

మన గ్రామాలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని లెక్కించుట అలవాటు. నూటికి రెండు రూపాయలనగా సంవత్సరానికి 24 శాతం, మూడు రూపాయలనగా 36 శాతం. బ్యాంకులు, యాప్‌లు సంవత్సర శాతంలో చెప్పుట వలన సామాన్యులు పోల్చుకొనలేకపోతున్నారు. దీనికి తోడు ప్రాసెసింగ్ రుసుము, బీమా వంటి పేర్లతో ముందే కొంత మినహాయించుకొనుటతో అసలు భారం మరుగున పడుతున్నది.

ఉదాహరణకు, ఒక యాప్ రూ. 5,000 మంజూరు చేసి, రూ. 1,500 రుసుముగా మినహాయించి, రూ. 3,500 చేతికిచ్చి, 7 రోజులలో రూ. 5,000 చెల్లించమన్నదనుకొందాము. వారం రోజులకు రూ. 3,500పై రూ. 1,500 భారమనగా నెలకు నూటికి సుమారు 184 రూపాయలు. సంవత్సరానికి 2,200 శాతం పైమాటే. ఏ గ్రామంలోని వడ్డీ వ్యాపారి కూడా ఇంత అడుగుట అరుదు.

నెలవారీ వాయిదాలలోనూ జాగ్రత్త అవసరం. రూ. 12,000 అప్పుపై మొత్తం అసలు మీద 12 శాతం చొప్పున రూ. 1,440 వడ్డీ కలిపి, 12 నెలల పాటు రూ. 1,120 చొప్పున చెల్లించమన్నచో అది 12 శాతం వడ్డీ కాదు. ప్రతి నెలా అసలు తగ్గుతూ ఉంటుంది గనుక వాస్తవ వార్షిక వడ్డీ సుమారు 21.5 శాతమవుతుంది.

ఈ గందరగోళం తొలగించుటకే 2024 అక్టోబరు 1 నుండి వ్యక్తిగత, చిన్న సంస్థల టర్మ్ రుణాలన్నిటికీ ముఖ్యాంశాల పత్రం ఇచ్చుట రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసినది. అన్ని రుసుములు కలిపిన వార్షిక భారం శాతం అందులో ఉండవలెను. పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండవలెను. అందులో చూపని ఏ రుసుమునూ రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయరాదు. తెలుగు మాత్రమే చదువగలిగిన రుణగ్రహీతకు తెలుగులో పత్రం ఇవ్వని పక్షంలో అది నిబంధనల ఉల్లంఘనే.

వెలుపల మిగిలిపోతున్నవారు

కొత్త విధానం అందరికీ సమానంగా అందుతున్నదని భావించుటకు వీలు లేదు. మొదటి వరుసలో కౌలు రైతులున్నారు. భూమి యజమాని పేరిటే రికార్డు ఉండుట వలన సాగు చేసే కౌలుదారు డిజిటల్ రికార్డులో కనిపించడు. వీరికి గుర్తింపు కార్డులిచ్చి రుణాలు ఇప్పించుటకు 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేసినప్పటికీ, రుణ భద్రతపై బ్యాంకుల సందేహాలు, హక్కులపై యజమానుల భయాలు అడ్డంకిగా నిలిచినవి. రికార్డు ఎంత వేగంగా బ్యాంకుకు చేరినా, అందులో లేని వ్యక్తికి అది రుణం ఇప్పించజాలదు.

రెండవది పేర్ల వ్యత్యాసం. ఈ ప్రాంతంలో స్వామివారి పేరిట యాదగిరి, యాదయ్య, యాదమ్మ అను పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. ఒకే పేరును ఆధార్‌లో ఒక విధంగా, పాసుపుస్తకంలో మరొక విధంగా, బ్యాంకు ఖాతాలో ఇంకొక విధంగా ఆంగ్ల అక్షరాలలో నమోదు చేసినచో కంప్యూటరు వారిని వేర్వేరు వ్యక్తులుగా పరిగణిస్తుంది. 2024లో రూ. 2 లక్షల వరకు పంట రుణాల మాఫీ అమలు సందర్భంలో ఇటువంటి వ్యత్యాసాల కారణంగా పలువురి ఖాతాలు పెండింగులో పడిన అనుభవం అధికారులకు తెలియనిది కాదు. గుమాస్తా ఎదుట మనిషి నిలబడి 'ఇది నా పేరే' అని చెప్పుకొనే అవకాశం యంత్రం ముందు ఉండదు.

మూడవది ఫోను ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న. ఇంటిలో ఒకే ఫోను ఉండి అది భర్త లేదా కుమారుని వద్ద ఉన్నచో, మహిళ పేరిట వచ్చే ఓటీపీ వారికే చేరుతుంది. అటువంటి చోట సమ్మతి ఆమెది కాజాలదు. అట్లే మట్టి పనులతో, మగ్గం పనితో, వార్ధక్యంతో వేలిముద్రలు అరిగినవారు యంత్రం వద్ద పదే పదే విఫలమగుచున్నారు. వీరికి ప్రత్యామ్నాయ ధ్రువీకరణ చూపవలసిన బాధ్యత శాఖల పైన, బ్యాంకు మిత్రల పైన కలదు.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

బ్యాంకర్ల సమన్వయ సమావేశాలలో రుణ లక్ష్యాల శాతంతో పాటు తిరస్కరించిన డిజిటల్ దరఖాస్తుల సంఖ్య, తిరస్కరణకు కారణాలను కూడా సమీక్షించుట అవసరం. పేరు సరిపోలక తిరస్కరించిన అర్జీలను మండల స్థాయిలోనే సవరించే ఏర్పాటు ఉన్నచో అనేకులకు మేలు జరుగుతుంది. స్వయం సహాయక సంఘాల నెలవారీ సమావేశాలలో ముఖ్యాంశాల పత్రాన్ని చదివి వినిపించుట, నూటికి ఎంత పడుతున్నదో లెక్కకట్టి చూపుట ఖర్చు లేని పని.

వార్తా కథనాలలో రిజర్వు బ్యాంకు లైసెన్సు గల రుణదాతకు, కేవలం యాప్ నడిపే మధ్యవర్తికి, ఎట్టి అనుమతి లేని అక్రమ యాప్‌కు గల తేడాను స్పష్టంగా పేర్కొనుట వాంఛనీయం. మూడింటిని ఒకే గాటన కట్టినచో పాఠకులు సక్రమమైన బ్యాంకు రుణానికి సైతం జంకి, తిరిగి అధిక వడ్డీలనే ఆశ్రయించే ప్రమాదం కలదు. బాధితుల పేర్లు, చిత్రాలు ప్రచురించకుండుట ధర్మం. పరువు పోవునన్న భయాన్నే అక్రమ యాప్‌లు ఆయుధంగా వాడుకున్న సంగతి మరువరాదు.

ఫిర్యాదులకు మార్గాలు

రుణదాత సంస్థ తన ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరును, ఫోను నంబరును యాప్‌లోను, వెబ్‌సైటులోను ప్రకటించవలెను. ఫిర్యాదు 30 రోజులలో పరిష్కారం కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చును. ఇందుకు సంబంధించిన సమాచారం కొరకు టోల్ ఫ్రీ నంబరు 14448ని సంప్రదించవచ్చును. ఆన్‌లైన్ ఆర్థిక మోసం జరిగినచో ఏ మాత్రం జాప్యం చేయక 1930 నంబరుకు తెలియజేయవలెను. ఎంత త్వరగా తెలియజేసిన, సొమ్మును మధ్యలోనే నిలిపివేయుటకు అంత అవకాశం ఉంటుంది. రుణ చరిత్ర నివేదికను ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుండి సంవత్సరానికొకసారి ఉచితంగా పొందవచ్చును. అందులోని తప్పులు సవరించమని కోరిన 30 రోజులలోగా పరిష్కరించనిచో, ఆపై రోజుకు రూ. 100 చొప్పున పరిహారం కోరే హక్కు కూడా ఖాతాదారునికి కలదు.

షావుకారు చిట్టా పద్దులో తన పేరిట ఏమి రాశారో తెలియక వేలిముద్ర వేసిన తరాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. నేడు ఫోను తెరపై 'అంగీకరిస్తున్నాను' అను మీట నొక్కుట కూడా వేలిముద్రతో సమానమే. ఆ మీట నొక్కే ముందు అందులో ఏమున్నదో తన భాషలో చదివి తెలుసుకొనే అవకాశం ప్రతి రుణగ్రహీతకూ దక్కునట్లు చూడవలసిన బాధ్యత బ్యాంకులు, అధికార యంత్రాంగం, పత్రికా ప్రతినిధులందరిపైనా ఉన్నది.